మొక్క నాటడం ఆఖరి పని: తెలుగు క్రైస్తవ సంఘాలకు సృష్టి సంరక్షణ మార్గదర్శి

జూన్ 5, అంటే ప్రపంచ పర్యావరణ దినం, దగ్గరపడితే చాలా సంఘాల్లో జరిగే తంతు ఒకటే. ఆరాధన ముగిశాక అయ్యగారు, సంఘ పెద్దలు ఒక మొక్కను అందరూ కలిసి పట్టుకుని నిలబడతారు, కుర్రాళ్లు ఫోటో తీస్తారు, వెనక ‘పర్యావరణ ఆదివారం’ అని ఫ్లెక్సీ. ఆగస్టు వచ్చేసరికి మొక్క మేకల పాలవుతుంది. ఫ్లెక్సీ మాత్రం ఎవరి పాక మీదో పట్టాగా మారి మూడేళ్లు బతుకుతుంది.

మొక్కలంటే నాకు చిన్నచూపు లేదు. కానీ సంఘం చేయగలిగిన పనుల్లో అది అన్నిటికన్నా సులువైనది, అందుకే అందరూ అక్కడ మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఎండకు, తుఫానుకు, కరువుకు ముందుగా దెబ్బ తినేది మన బెంచీల్లో కూర్చునే కూలీలు, కౌలు రైతులు, మత్స్యకారులు. సంఘం కరెంటు బిల్లు, సంఘం భూమి, సంఘం విందు మన చేతిలో ఉన్నవే. కాబట్టి ఈ మార్గదర్శి వాటితో మొదలవుతుంది. మొక్కల వంతు చివర్లో వస్తుంది.

ముందు ఎవరు కూర్చోవాలి

కొత్త కమిటీ వేయగానే దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, వాళ్ల మధ్య పోటీ వస్తాయి. అంత అవసరం లేదు. ఆరేడుగురు చాలు. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు, యువజనుల నుంచి ఒకరు, సండే స్కూలు టీచరు, లెక్కలు చూసే కోశాధికారి. ఇంకొకరు తప్పనిసరి: గుడి తాళాలు దగ్గర పెట్టుకుని, ఊడ్చి, ఫ్యాన్లు వేసి ఆపే మనిషి. చెత్త ఎంత వస్తుందో, ఏ కుళాయి కారుతుందో, రాత్రి ఏ లైటు వెలిగి ఉండిపోతుందో ఆయనకు తెలిసినంతగా కమిటీలో ఎవరికీ తెలియదు. పైగా రేపు చేసే మార్పుల భారమంతా ఆయన మీదే పడుతుంది. ఆయన్ని అడగకుండా చేసిన నిర్ణయం రెండో నెలకు మూలన పడుతుంది.

కౌలు రైతో వ్యవసాయ కూలీయో ఒకరు ఈ బృందంలో ఉండాలి. ఉద్యోగస్తులే కూర్చుంటే చర్చ సోలారు పలకల దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది.

పాస్టరు గారి మద్దతు మొదటి రోజే తీసుకోండి. ఆయన్ని నాయకుడిగా మాత్రం పెట్టకండి. బదిలీలున్న సంఘాల్లో ఆయన వెళ్లిపోతే పని కూడా వెళ్లిపోతుంది.

ప్రసంగ పీఠం మీద అడ్డు తొలగించడం

పని మొదలుపెట్టగానే ఎదురయ్యే ప్రశ్న ఇది: ‘ఈ లోకం ఎలాగూ కాలిపోయేదే కదా, రెండో పేతురు మూడో అధ్యాయంలో రాసి ఉంది కదా, మనకెందుకు ఈ గొడవ? ఆత్మల రక్షణ చూసుకోవాలి గానీ!’ దీన్ని తోసిపుచ్చితే సగం సంఘం దూరమవుతుంది. కూర్చుని వాక్యంతోనే మాట్లాడాలి. అదే అధ్యాయం ‘నీతి నివసించే కొత్త భూమి’ గురించి కూడా చెబుతుంది. ప్రకటన 11:18 భూమిని నశింపజేసేవారికి తీర్పు ఉందంటుంది. ఇల్లు ఎప్పటికైనా కూలేదే అని ఎవరూ తమ ఇంటికి తామే నిప్పు పెట్టుకోరు.

ఆదికాండము మొదటి అధ్యాయంలోని ‘ఏలుడి’ అనే మాట పట్టుకునేవారికి రెండో అధ్యాయం 15వ వచనం చూపించండి: తోటను ‘సేద్యపరచుటకును దాని కాచుటకును’ మనిషిని అక్కడ ఉంచాడు. ఏలిక ఎలా ఉండాలో ఆ వచనమే చెబుతోంది. లేవీయకాండము 25లో ఏడో ఏట భూమికి విశ్రాంతి, 19లో పొలం అంచులు కోయకుండా పేదలకు వదలడం, ద్వితీయోపదేశకాండము 20లో యుద్ధంలో కూడా పండ్ల చెట్లు నరకవద్దనే ఆజ్ఞ, రోమా 8లో మూలుగుతున్న సృష్టి, ఇవి నాలుగు ఆదివారాలకు సరిపోతాయి. ఐదో ఆదివారానికి నాబోతు ద్రాక్షతోట పెట్టండి. అధికారంలో ఉన్నవాడు దొంగ సాక్ష్యాలతో సామాన్యుడి భూమి లాక్కున్న కథ అది. మన పల్లెల్లో దాన్ని వివరించాల్సిన అవసరమే ఉండదు.

ఎప్పుడు చెప్పాలన్నదానికి పంచాంగం సిద్ధంగానే ఉంది. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) జూన్ 5కు దగ్గరి ఆదివారాన్ని పర్యావరణ ఆదివారంగా పాటిస్తుంది. సంఘాలు పాటించాల్సిన హరిత నియమావళి కూడా దానికి ఉంది. సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4 వరకు ప్రపంచమంతటా సంఘాలు ‘సృష్టి కాలం’గా ఆచరిస్తున్నాయి. ఆర్థడాక్స్ సంఘానికి చెందిన పాట్రియార్క్ దిమిత్రియోస్ 1989లో సెప్టెంబర్ 1ని సృష్టి కోసం ప్రార్థనా దినంగా ప్రకటించారు. అక్టోబర్ 4 అస్సీసీ ఫ్రాన్సిస్ స్మారక దినం. కతోలికులకు పోప్ ఫ్రాన్సిస్ 2015లో ఇచ్చిన ‘లౌదాతో సీ’ లేఖ చేతిలో ఉంది. భూమి ఆక్రందనను, పేదల ఆక్రందనను కలిపి వినమని ఆ లేఖ చెప్పింది. ఏ శాఖకు చెందినవారైనా ఆధారం తమ ఇంట్లోనే దొరుకుతుంది, బయటి నుంచి అరువు తెచ్చుకున్నామన్న అనుమానం అక్కర్లేదు.

అయితే నా మాటగా ఒకటి: మన తెలుగు సంఘాలకు అన్నిటికన్నా బాగా పనికొచ్చేది కోతల పండుగే. బస్తా వడ్లు, గుమ్మడికాయ, అరటి గెల, నాటుకోడి గుడికి తెచ్చి, ఆరాధన తర్వాత వేలం పాడే రోజు భూమి గురించి ఉపదేశం ఎవరికీ బరువుగా అనిపించదు. ఆ రోజే ఒక మూల దేశవాళీ విత్తనాల బల్ల పెట్టండి. అలసందలు, కందులు, జొన్న, కూరగాయల విత్తనాలు తెచ్చినవాళ్లు ఇస్తారు, కావలసినవాళ్లు తీసుకుంటారు. వేలంలో వచ్చిన డబ్బులో పదో వంతు ఆ ఏడాది పంట పోయిన కుటుంబాలకని ముందే ప్రకటించి పక్కన పెట్టండి.

ఒక ఆదివారం లెక్క

ఏ మార్పూ చేయకుండా ముందు ఒక ఆదివారం చూసి రాసుకోండి. మీటరు రీడింగ్ శనివారం రాత్రి, ఆదివారం రాత్రి. ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు, ఎన్ని గంటలు. ఎన్ని నీళ్ల సీసాలు, ఎన్ని పేపరు కప్పులు. జనరేటరు నడిస్తే ఎన్ని లీటర్ల డీజిల్. సండే స్కూలు పిల్లలకు పలకా బలపం ఇచ్చి ఇది అప్పగించండి. వాళ్ల కళ్లకు పెద్దలకు కనబడనివి కనబడతాయి, పైగా మొహమాటం లేకుండా చదివి వినిపిస్తారు.

గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసి వరసగా పెట్టండి. బిల్లు మీద కనెక్షను ఏ కేటగిరీలో ఉందో చూడండి. ప్రార్థనా స్థలానికి వేరే కేటగిరీ ఉన్నా పొరపాటున వేరేదానిలో పడి ఉంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కార్యాలయంలో దరఖాస్తు పెట్టి మార్పించుకోవచ్చు. పర్యావరణానికి దీనితో ఒరిగేదేమీ లేదు, నిజమే. కోశాధికారి మాత్రం ఆ రోజు నుంచి మీ పక్షం అవుతారు.

విందు, బల్ల, ఫ్లెక్సీ

క్రిస్మస్ ప్రేమ విందు అయిపోయాక గుడి వెనక ఒకసారి చూడండి. థర్మాకోల్ ప్లేట్లలో తినగా మిగిలిన పలావు, వాటి మీద కుక్కలు, పక్కన నలిగిన గ్లాసుల గుట్ట. సాయంత్రం దానికి నిప్పు పెడతారు. ఆ పొగ మొదట వెళ్లేది పక్కనున్న పేటలోకే.

మూడు వందల మంది విందుకు ప్లేటు, కూరగిన్నె, రెండు గ్లాసులు చొప్పున లెక్కేసినా 1,200 వస్తువులు ఒక్క పూటలో చెత్తవుతాయి. ప్లాస్టిక్, థర్మాకోల్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. కాబట్టి ఇది భక్తి విషయమే కాదు, చట్టం కూడా. నిషేధం లేని పేపరు కప్పుకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుందన్నది మరవకండి.

దారులు రెండు. మొదటిది ఆకు. ఉత్తరాంధ్రలో అడ్డాకు విస్తళ్లు ఏజెన్సీ ఆదివాసీ స్త్రీలు కుట్టేవి, తెలంగాణలో మోదుగాకు విస్తళ్లు, కోనసీమలో అరటాకు. నాలుగు రోజుల ముందు చెప్పి సంతలో కొంటే డబ్బు నేరుగా కుట్టినవాళ్లకే చేరుతుంది. దుకాణంలో కొంటే వెనక్కి తిప్పి చూడండి, ఆకు కింద ప్లాస్టిక్ పొర అతికించినవి చాలా వస్తున్నాయి. రెండోది సంఘానికి సొంత స్టీలు పళ్లాలు, గ్లాసులు. ఒక్కో కుటుంబం పది పళ్లాలు కృతజ్ఞతార్పణగా ఇస్తే ఒకే ఏడాదిలో సమకూరుతాయి. తర్వాత పెళ్లిళ్లకు, దినాలకు ఊళ్లో వాళ్లకు నామమాత్రపు అద్దెకిస్తే తరుగూ అరుగుదలా అందులోనే పూడుతుంది.

అసలు చిక్కు తర్వాత వస్తుంది: ఇవి ఎవరు కడగాలి? అలవాటు ప్రకారం స్త్రీల సమాజం మీద పడుతుంది, వాళ్లు రెండు విందులు ఓపిక పట్టి మూడోసారికి మళ్లీ పేపరు ప్లేట్లు తెప్పిస్తారు. తప్పు వాళ్లది కాదు. ‘వండింది ఆడవాళ్లు, కడిగేది మగవాళ్లు’ అని మొదటి విందుకు ముందే బల్ల గుద్ది చెప్పండి. పాదాలు కడిగిన ప్రభువు శిష్యులకు పళ్లాలు కడగడం అవమానమేమీ కాదు. పెద్దలు లుంగీ ఎగ్గట్టి తొట్టి దగ్గర కూర్చుంటే కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.

ప్రభు రాత్రి భోజనం దగ్గర కూడా ఒకసారి ఆగాలి. కోవిడ్ తర్వాత చాలా సంఘాల్లో వేలెడంత ప్లాస్టిక్ కప్పులు వాడి పారేయడం మొదలైంది. రెండు వందల మంది ఉన్న సంఘంలో నెలకోసారి బల్ల అంటే ఏడాదికి 2,400 కప్పులు. చిన్న గాజు కప్పులు, వాటికి చెక్క పళ్లెం ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటాయి. మరిగే నీళ్లలో వేసి తీస్తే శుభ్రతకు లోటు రాదు.

ఫ్లెక్సీ విషయంలో మొహమాటం తీసేయాలి. సువార్త కూటాలకు, పుట్టినరోజులకు, అయ్యగారి పదేళ్ల సేవకు, అన్నిటికీ నిలువెత్తు ఫ్లెక్సీ! తేదీలు మార్చుకోగల గుడ్డ బ్యానరు ఒకటి పెయింటరు చేత రాయించి పెట్టుకోండి. పెద్దల ముఖాలు కనబడవన్నదొక్కటే దానిలో లోపం.

కరెంటు: డబ్బు ఎక్కడ పెట్టాలి

ఇక్కడ చాలా సంఘాలు ఉత్సాహంలో డబ్బు తప్పు చోట పెడతాయి. లెక్క చూద్దాం. మామూలు సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది, కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30. గుడిలో 30 ఫ్యాన్లు ఉన్నాయనుకోండి. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో ప్రార్థనలు, పాటల సాధన అన్నీ కలిపి వారానికి పది గంటలు తిరుగుతాయి. అన్నీ మారిస్తే ఏడాదికి ఆదా సుమారు 700 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా ఐదారు వేలు. ఫ్యాన్లకయ్యే ఖర్చు దగ్గర దగ్గర తొంభై వేలు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పదహారేళ్లు!

అదే సంఘానికి హాస్టల్ ఉందనుకోండి. అక్కడ ఫ్యాను, సెలవులు పోగా ఏడాదికి 300 రోజులనుకున్నా, రోజుకు 14 గంటలు తిరుగుతుంది. ఒక్కో ఫ్యాను మార్చితే ఏడాదికి 190 యూనిట్ల దాకా మిగులుతుంది, అంటే పదిహేను వందలు. రెండేళ్లలో ఫ్యాను తన ఖరీదు తాను తీర్చుకుంటుంది. కాబట్టి వరస ఇదీ: ముందు హాస్టల్, బడి, ఆసుపత్రి, పాస్టరు గారి ఇల్లు. గుడిలో ఫ్యాను కాలిపోయినప్పుడే కొత్తరకం వేయండి. గుడికి ముందు చేయాల్సిన పని ఖర్చు లేనిది. తలుపులు కిటికీలు తెరవడం, ముందు బెంచీల్లోనే జనం ఉంటే వెనక ఫ్యాన్లు ఆపడం, స్విచ్‌లకు పేర్లు అంటించడం.

సోలారుకూ ఇదే సూత్రం. ఒక కిలోవాట్ పలకలు మన ప్రాంతంలో రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి, వాటికి దాదాపు వంద చదరపు అడుగుల నీడలేని కప్పు కావాలి. గుడి కప్పు ఏటవాలు పెంకుటిల్లయితే బలవంతం చేయకండి, బడి మిద్దె చూడండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం సబ్సిడీ ఇళ్లకే గానీ గుడికి రాదు. అయినా ఇందులో సంఘానికి పని ఉంది. సభ్యుల ఇళ్లకు రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడు కిలోవాట్లకు గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, అవసరమైతే బ్యాంకు అప్పు తెచ్చుకోవాలి. ఆరాధన తర్వాత గంటసేపు ఇద్దరు యువకులు ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే ఏడాదిలో ఇరవై ఇళ్ల మీద పలకలు లేస్తాయి. గుడి మీద ఒక్క పలక లేకపోయినా ఫలితం అంతకు ఎన్నో రెట్లు.

డీజిల్ ఒక లీటరు కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. రాత్రంతా జరిగే కూటాలకు జనరేటరు తెచ్చేముందు తాత్కాలిక కనెక్షను దొరుకుతుందేమో అడగండి.

కప్పు మీద పడే నీళ్లు

ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. గుడి కప్పు 200 చదరపు మీటర్లయితే, ఏడాదికి 550 మిల్లీమీటర్లే కురిసే అనంతపురంలో కూడా, ఐదో వంతు వృథా పోగా 88,000 లీటర్లు భూమిలోకి ఇంకించవచ్చు. గొట్టాలు ఒకచోటికి తెచ్చి ఇంకుడుగుంత తవ్వండి. అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, పైన ముతక ఇసుక. మొదటి వానకు కప్పు మీది దుమ్మూ రెట్టలూ కొట్టుకొస్తాయి, ఆ నీళ్లు బయటికి వదిలే మూత ఒకటి గొట్టానికి ఉండాలి. పునాదికీ, మరుగుదొడ్డి గుంతకూ, సమాధులకూ దూరంగా తవ్వాలి. ఏటా మే నెలలో ఇసుక తీసి కడిగి మళ్లీ పోయకపోతే రెండేళ్లలో అది పేరుకు మాత్రమే ఇంకుడుగుంత.

ఎండ, తుఫాను

వాతావరణ న్యాయం అనే మాట పెద్దదిగా వినిపిస్తుంది గానీ మే నెల మధ్యాహ్నం అది చాలా మామూలుగా కనబడుతుంది. ఏసీ గదిలో ఉన్నవాడికీ, రేకుల కింద ఉన్న ముసలమ్మకూ మధ్య తేడా అది. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. ఇలాంటి మరణాల్లో ఎక్కువ భాగం కూలీలవి, వృద్ధులవి.

మార్చి నెలలోనే కుర్రాళ్లను కూడగట్టి ఒంటరి వృద్ధుల ఇళ్ల కప్పులకు తెల్ల సున్నం వేయించండి. సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేస్తే లోపలి వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమే తెచ్చింది. ఒక జాగ్రత్త: ఆస్‌బెస్టాస్ రేకులు మనిషి బరువుకు విరుగుతాయి, ఎక్కకుండా పొడవాటి కర్రకు బ్రష్షు కట్టి వేయాలి. వాటిని గీకి శుభ్రం చేయకూడదు, ఆ పొడి ఊపిరితిత్తులకు ముప్పు.

ఏప్రిల్, మే నెలల్లో గుడి తలుపులు పదకొండు నుంచి నాలుగు దాకా తీసి ఉంచండి, ఏ మతం వారికైనా. రెండు కుండల నీళ్లు, చాప, ఫ్యాను చాలు. లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపిన ద్రావణం ఎలా చేయాలో స్త్రీల సమాజంలో అందరికీ తెలిసి ఉండాలి. చెంచా తలకొట్టి కొలవాలి. వడదెబ్బ తగిలినవారికి మాట తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా నోట్లో ఏమీ పోయకుండా తడి గుడ్డలతో ఒళ్లు చల్లబరుస్తూ 108కి ఫోను చేయాలి. సెలవుల బైబిలు పాఠశాల మేలో పెట్టుకుంటే ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టి పదిన్నరకల్లా పిల్లల్ని ఇళ్లకు పంపేయండి.

తీరం వెంట ఉన్న సంఘాలకు తుఫాను జాబితా ఒకటి రాసి ఉండాలి. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది పోయారు. ఈ రోజు హెచ్చరికలు చాలా ముందే వస్తున్నాయి, కానీ కదలలేని మనిషికి ఆ హెచ్చరిక వల్ల ఏం లాభం? పేటలో నెలలు నిండిన గర్భిణులు, మంచం పట్టినవారు, చూపు లేనివారు ఎవరు, ఎవరిని ఎవరు తీసుకెళ్లాలి అన్నది పేర్లతో రాసుకుని అక్టోబర్ మొదటి ఆదివారం సరిచూసుకోండి. ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం తడవని సంచిలో పెట్టించండి. గంట ఏ పద్ధతిలో మోగితే ఖాళీ చేయాలో ఊరందరికీ చెప్పండి. గుడి కప్పు రేకులదైతే దాన్ని ఆశ్రయంగా వాడకండి, ప్రభుత్వ తుఫాను షెల్టరుకే పంపండి.

కౌలు, కూలి, పరిహారం

ఇదే కష్టమైన మెట్టు. సంఘాలు ఎక్కువగా తప్పించుకునేదీ ఇదే.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి, కుప్పల మీదున్న వరి నీట మునిగింది. ఇలాంటి ప్రతిసారీ పెట్టుబడి పోగొట్టుకునేది కౌలు రైతు, పరిహారం పడేది చాలాచోట్ల పట్టా ఎవరి పేరున ఉంటే వారి ఖాతాలో. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం ఉంటే కౌలు రైతుకు పంట రుణం, బీమా, నష్టపరిహారం అందాలి. పదకొండు నెలలు చెల్లే ఆ పత్రానికి ఆ చట్టంలో యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనన్న భయంతో వాళ్లు సంతకం పెట్టరు. చట్టం మాత్రం ఆ పత్రం వల్ల భూమి మీద హక్కేమీ రాదనే చెబుతోంది.

సంఘం ఇక్కడ ఏం చేయగలదు? జూన్‌లో సాగు మొదలయ్యేముందు ఒక సాయంత్రం గ్రామ సచివాలయ ఉద్యోగిని పిలిచి యజమానులకు, కౌలుదారులకు కలిపి వివరణ ఇప్పించండి. సభ్యుల్లో భూమి ఉన్నవారు మొదట సంతకం పెట్టాలి. తర్వాతే బయటివారిని అడిగే నోరు ఉంటుంది. పంట నష్టం నమోదు చేసే రోజుల్లో ఫోనులో తేదీ, చోటు తెలిసేలా ఫోటోలు తీసిపెట్టడం, జాబితా సచివాలయంలో అంటించగానే పేర్లు సరిచూడటం, లేని పేర్లకు గడువులోగా అభ్యంతరం రాయడం, ఇవి చదువుకున్న యువకులు చేయాల్సిన పనులు.

ఒక హెచ్చరిక. ఈ జాబితాలు, అర్జీలు సంఘం లెటర్‌హెడ్ మీద ఇవ్వకండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులుగా నమోదైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. మన సభ్యుల్లో చాలామంది కాగితాల్లో హిందువులుగానే ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. మంచి చేయబోయి ఒక కుటుంబం కుల ధ్రువపత్రానికో పిల్లాడి సీటుకో ఎసరు తేకూడదు. గ్రామస్తులుగా, ఊరందరి పేర్లతో కలిపి ఇవ్వండి. నష్టపోయింది ఊరు కాబట్టి అదే న్యాయం కూడా.

సాయానికి మతాన్ని ముడిపెట్టకూడదన్న పాఠం మన చరిత్రలోనే ఉంది. 1876–78 కరువులో ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చాడు. సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందింది ఆ తర్వాతే. తిండి ఆశ చూపి చేర్చుకున్నారన్న మాట పడకూడదని ఆయన తీసుకున్న జాగ్రత్త ఈనాటికీ పనికొస్తుంది.

ఊరి పక్కన కాలుష్యం తెచ్చే పరిశ్రమ వస్తుందంటే పర్యావరణ ప్రభావ అంచనాపై 2006లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి, ఆ ప్రభావ అంచనా నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. అది తెచ్చుకుని గుడి మెట్ల మీద కూర్చుని చదివి వినిపించడమే పెద్ద సేవ. సభలో నోటితో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు నిలబడినప్పుడు 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వెంటనే పర్యావరణ అనుమతి రద్దయింది. ఇలాంటి చోట సంఘం ముందు నడవనక్కర్లేదు, ఊరితో కలిసి నడిస్తే చాలు. పాస్టరు గారు వేదిక ఎక్కకపోవడమే మంచిది, లేకపోతే విషయం భూమి నుంచి మతం మీదికి మళ్లుతుంది.

విదేశీ సాయం గురించి ఎవరో ఒకరు తప్పక ఎత్తుతారు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు, 2020 సవరణ తర్వాత నమోదున్న సంస్థ కూడా ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పైన చెప్పిన పనుల్లో తొంభై పాళ్లు కానుక సంచితోనే నడుస్తాయి.

సంఘం భూమి, ఆ తర్వాత మొక్కలు

మిషను కాలం నుంచి చాలా సంఘాలకు ఆవరణలు, పొలాలు ఉన్నాయి. అక్కడ సంఘమే భూస్వామి. కాబట్టి సంఘం పొలం చేసే కౌలుదారుకు మొట్టమొదట హక్కు పత్రం మీద సంతకం పెట్టాల్సింది సంఘమే. కౌలు బహిరంగ వేలంలో పెంచుకుంటూ పోతే రైతు ఎరువు, మందు కుమ్మరించి భూమిని పిండుకుంటాడు. మూడేళ్లకు స్థిరమైన కౌలు, పంట పోయిన ఏడు తగ్గింపు, బదులుగా ప్రకృతి సేద్యం అని ఒప్పందం రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి సేద్య కార్యక్రమపు సిబ్బంది పల్లెల్లోనే ఉంటారు, నేర్పుతారు.

పట్నాల్లోని ఆవరణలది వేరే గొడవ. నూరేళ్ల చింతచెట్లు కొట్టి షాపుల సముదాయం కట్టడం, భూమి అమ్ముకోవడం. ఒక్క తీర్మానం చేయించండి: సంఘం ఆవరణలో చెట్టు కొట్టాలన్నా, సెంటు భూమి అమ్మాలన్నా సర్వసభ్య సమావేశం అనుమతి ఉండాలి. ఆ ఒక్క తీర్మానం కాపాడే నీడ, మీరు నాటబోయే వంద మొక్కలు ఇరవై ఏళ్లకు గానీ ఇవ్వలేవు. దానికి ఎదురయ్యే ప్రతిఘటన కూడా అంతే పెద్దగా ఉంటుంది, సిద్ధంగా ఉండండి.

ఇప్పుడు మొక్కలు. జూన్ 5న నాటకండి, తీరంలో ఆ రోజుకు రోహిణి ఎండలే ఇంకా పోవు. రెండు మంచి వానలు పడ్డాక జూలైలో, రాయలసీమలో అయితే సెప్టెంబరులో నాటండి. సమాధుల తోట మంచి చోటు, పశువులు రావు. వేప, కానుగ, పొగడ, నేరేడు పెట్టండి. కోనోకార్పస్, నీలగిరి వద్దు. వేర్లు సమాధులను ఎత్తకుండా వరసకు పది అడుగుల దూరం వదలండి. కొత్త సమాధుల చుట్టూ సిమెంటు గచ్చు పోయకుండా మట్టి వదిలేలా నియమం పెట్టండి, సమాధుల పండుగకు ప్లాస్టిక్ పూలదండలు తేవద్దని ముందు ఆదివారమే చెప్పండి. ప్రతి మొక్కకూ ఒక కుటుంబం పేరు రాయండి. బాప్తిస్మం పొందినవారికీ, నిర్ధారణ పొందిన పిల్లలకూ ఒక్కో మొక్క అప్పగిస్తే నీళ్లు పోసేవాళ్లు దొరుకుతారు. పది నాటి మూడు వేసవులు కాపాడితే చాలు.

ఏడాది తిరిగేసరికి

వార్షిక సర్వసభ్య సమావేశంలో కోశాధికారి ఆదాయ వ్యయాలు చదువుతారు కదా, దాని కిందనే ఒక పేజీ చేర్చండి. ఏడాదిలో వాడిన యూనిట్లు, అంతకు ముందు ఏడు వాడినవి. కొన్న డీజిల్. కొన్న విస్తళ్లు, పేపరు ప్లేట్లు. సున్నం వేసిన కప్పులు. హక్కు పత్రం వచ్చిన కౌలుదారులు, సంతకానికి నిరాకరించిన యజమానులు ఎందరు (పేర్లు వద్దు, అంకె చాలు). పరిహారం జాబితాలో కొత్తగా ఎక్కించిన పేర్లు. బతికున్న మొక్కలు, నాటినవి కాదు. ఆ పేజీని గుడి తలుపు పక్కన మేకుకు తగిలించండి, వచ్చే ఏడాది కొత్త పేజీ వచ్చేదాకా అది అక్కడే ఉండాలి.